ఎత్తైన, బరువైన టూరింగ్ బండిని నడక వేగంలో పడెయ్యకుండా నడపడం

ట్యాంకు నిండా పెట్రోలు, పక్కన రెండు పెట్టెలు, వెనక టాప్ బాక్స్. ఇలా సిద్ధమైన టూరింగ్ బండి పడే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: బంకులో పంపు పక్కన ఆపేటప్పుడు, ఇరుకు రోడ్డులో వెనక్కి తిప్పేటప్పుడు, వాలుగా ఉన్న గేటు ముందు, సైడ్ స్టాండ్ వేసి దిగేటప్పుడు. అన్నీ గంటకు 10 కిలోమీటర్లలోపు జరిగేవే. కాళ్లలో బలం చాలక పడ్డానని చాలామంది అనుకుంటారు గానీ, అసలు కారణం చాలావరకు చేతుల్లోనే ఉంటుంది: హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టడం, లేదా మలుపు మధ్యలో రేస్ వదిలేసి, క్లచ్ నొక్కేసి వెనక చక్రానికి లాగుడు లేకుండా చేయడం. ఈ రెండు అలవాట్లూ పోతే బండి సగం బరువు తగ్గినట్టే ఉంటుంది.

బరువు లెక్క

బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ అడ్వెంచర్ రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్నప్పుడు 268 కిలోలు. దాని ట్యాంకు 30 లీటర్లు. పెట్రోలు లీటరు సుమారు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి నిండు ట్యాంకు అంటే 22 కిలోలు మీ పొట్టకు ఎదురుగా, ఎత్తులో ఉన్నట్టు. హోండా గోల్డ్ వింగ్ టూర్ 360 కిలోలు దాటినా, దాని ఆరు సిలిండర్ల ఇంజన్ అడ్డంగా, కింద పడుకుని ఉంటుంది కనుక నడక వేగంలో అంత భయపెట్టదు. కేటీఎం 790 అడ్వెంచర్‌లో 20 లీటర్ల ట్యాంకును ఇంజన్‌కు రెండు వైపులా కిందికి వేలాడదీసింది కూడా ఇందుకే. కాగితం మీద బరువు ఎంత ఉందన్న దానికంటే అది ఎంత ఎత్తులో ఉందన్నదే ఎక్కువ పని చెబుతుంది.

ఒక లెక్క చూడండి. సామానుతో కలిపి 300 కిలోల బండి, దాని బరువు కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో, హ్యాండిల్ 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుందాం. పక్కన నిలబడి హ్యాండిల్ దగ్గర ఆపాలంటే, 3 డిగ్రీలు ఒరిగినప్పుడు 8, 9 కిలోల బలం చాలు. 10 డిగ్రీలకు 28 కిలోలు కావాలి. 20కి 56. 30 డిగ్రీలకు 80 దాటుతుంది. అంటే మొదటి కొద్ది డిగ్రీల్లో రెండు వేళ్లతో సరిదిద్దగలిగిన బండిని, అర సెకను ఆలస్యం చేస్తే ఇద్దరు పట్టినా నిలపలేరు. ఆ గీత దాటాక ఏం చేయాలో చివర్లో ఉంది. దాని దాకా రాకుండా చూసుకోవడం ఎలాగో ముందు చూద్దాం.

బయల్దేరే ముందు బండిలో సరిచూడాల్సినవి

నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి తాగినట్టు అటూ ఇటూ పోతుంటే తప్పు మీదే అనుకోకండి, మొదట కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) చూడండి. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను వేలితో నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే బేరింగ్ అరిగిపోయింది. గుంట లేకుండా మొత్తం బిగుసుగా తిరిగితే నట్టు ఎక్కువ బిగించారు. రెండు సందర్భాల్లోనూ, బ్యాలెన్స్ కోసం హ్యాండిల్ చేయాల్సిన చిన్న చిన్న కదలికలు ఆలస్యమవుతాయి. వేగంగా వెళ్తే ఇది అంతగా తెలియకపోవచ్చు, 5 కిలోమీటర్ల వేగంలో ప్రాణం తీస్తుంది.

తర్వాత ముందు టైరులో గాలి. తక్కువైతే హ్యాండిల్ బరువెక్కి, తిప్పగానే మలుపులోకి తనంతట తాను పడిపోతున్నట్టు ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, మీ బండి పుస్తకంలో నిండు లోడుకు ఇచ్చిన అంకెకు నింపండి.

కేబుల్ క్లచ్ అయితే లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట (పని మొదలవకముందు ఉండే వదులు) ఉండాలి. కేబుల్ త్రాటిల్‌కు (రేస్ ఇచ్చే పిడికి) సాధారణంగా 2 నుంచి 6 మిల్లీమీటర్లు. త్రాటిల్‌లో ఆట ఎక్కువుంటే రేస్ ఇచ్చిన ప్రతిసారీ ముందు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా కుదుపు వస్తుంది. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న బండ్లలో రేస్‌కు ఇంజన్ మెత్తగా స్పందించే రైన్ మోడ్ పెట్టుకుంటే నెమ్మది పనికి చాలా తేడా తెలుస్తుంది. క్లచ్ లివర్‌ను రెండు వేళ్లతో హాయిగా అందేంత దగ్గరికి తెచ్చుకోండి. వేళ్లు చాచి పట్టుకునే లివర్‌తో హాఫ్ క్లచ్ (క్లచ్‌ను సగం వదిలి పట్టుకోవడం) నేర్చుకోవడం వృథా ప్రయాస.

వెనక షాకబ్జర్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత బిగించి ఉంచాలన్న సర్దుబాటు) మరిచిపోయేవాళ్లే ఎక్కువ. సామాను, వెనక మనిషి ఎక్కాక ప్రీలోడ్ పెంచకపోతే వెనక భాగం దిగిపోతుంది, ముందు చక్రం తేలికై హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. సైడ్ స్టాండ్ మీద కూడా బండి మరీ నిటారుగా నిలబడి, అవతలి వైపు పడడానికి సిద్ధంగా ఉంటుంది. బండి ఎత్తు తగ్గించే లింకులు వేయించినవాళ్లకు ఇదే సమస్య శాశ్వతంగా ఉంటుంది. లింకులు వేస్తే సైడ్ స్టాండ్‌ను కూడా ఆ మేరకు పొట్టి చేయించాల్సిందే.

రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలన్న పట్టుదల అక్కర్లేదు. సీటు మీద ఒక పక్కకు కాస్త జరిగి, ఒక్క పాదం మొత్తం ఆనించగలిగితే చాలు. రెండు కాళ్ల మునివేళ్ల మీద నిలబడడం కంటే అదే గట్టి పట్టు.

సామాను విషయం చిన్నదే. బరువైనవి (పనిముట్లు, ట్యూబులు, నీళ్లు) పక్క పెట్టెల అడుగున, మీకు దగ్గరగా పెట్టండి. రెండు వైపులా బరువు సమానంగా ఉందో లేదో చేత్తో ఎత్తి పోల్చండి. టాప్ బాక్స్ వెనక ఇరుసు దాటి, ఎత్తులో ఉంటుంది. అందులో బట్టలు, వాన కోటు లాంటివి తప్ప ఇంకేవీ వద్దు. చాలా టాప్ బాక్సులకు 5 నుంచి 10 కిలోలే పరిమితి.

తోయడం, ఎక్కడం

ఇంజన్ ఆపి బండిని కదిలించేటప్పుడు ఎప్పుడూ ఎడమ వైపు నిలబడండి. స్టాండ్ అటే ఉంది, అవసరమైతే కాలితో లాగి వేసేయవచ్చు. తుంటిని సీటుకో ట్యాంకుకో ఆనించి, బండిని పిసరంత మీ వైపుకే ఒరిగించి ఉంచండి. సరిగ్గా నిటారుగా పెట్టాలని చూస్తే అది అవతలికి పోతుంది, అటు పట్టుకోవడానికి ఎవరూ ఉండరు. కుడి చేతి రెండు వేళ్లు ముందు బ్రేకు మీద ఉండాలి. అయితే హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడే దాన్ని నొక్కాలి. తిరిగి ఉన్నప్పుడు ఆపాల్సి వస్తే ముందు హ్యాండిల్ సరిచేసి, తర్వాత నొక్కండి.

ఫుట్‌రెస్ట్ మీద నిలబడి, గుర్రం ఎక్కినట్టు ఎక్కే అలవాటు ఉన్నవాళ్లు, సైడ్ స్టాండ్ మీద ఆ అదనపు బరువు పడడానికి తయారీదారు ఒప్పుకున్నాడో లేదో పుస్తకంలో చూసుకోవాలి. స్టాండ్ పిన్ను దగ్గర ఒంగడం, పగలడం ఇలాగే మొదలవుతాయి.

హాఫ్ క్లచ్, వెనక బ్రేకు: అసలు పాఠం

వేగంలో ఉన్న బండి తనను తాను నిలబెట్టుకుంటుంది. సుమారు 15 కిలోమీటర్ల కిందకి వచ్చేసరికి ఆ పని క్రమంగా మీ మీద పడుతుంది. బండి ఏ వైపు ఒరిగితే హ్యాండిల్ ఆ వైపు కాస్త తిప్పాలి. అప్పుడు చక్రాలు బరువు కిందికి జరుగుతాయి. మలుపులో ఉన్నప్పుడైతే కొద్దిగా లాగుడు పెంచితే బండి లేస్తుంది, తగ్గిస్తే లోపలికి వాలుతుంది. అంటే మీ ఎడమ చెయ్యే బండిని లేపే, దించే మీట. దీన్ని కింది వరుసలో, ఖాళీ చదును నేల మీద, పెట్టెలు తీసేసి, ట్యాంకు సగంతో నేర్చుకోండి.

1. మొదటి గేరు. రెండు కాళ్లూ నేల మీద. రేస్ ఇవ్వకుండా క్లచ్ నెమ్మదిగా వదులుతూ, బండి ముందుకు పోవాలని చూసే చోటు పట్టుకోండి. వెంటనే నొక్కేయండి. లివర్ ప్రయాణంలో ఆ చోటు ఎక్కడుందో వేళ్లకు గుర్తుండేదాకా 20, 30 సార్లు.

2. ఇప్పుడు రేస్‌ను ఐడిల్ కంటే కాస్త పైన, చాలా ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజన్లకు 1,800 నుంచి 2,200 ఆర్‌పీఎం మధ్య, ఒకే చోట నిలపండి. ఇక దాన్ని ముట్టుకోకూడదు. వేగం పెంచినా తగ్గించినా క్లచ్‌తోనే.

3. కదులుతుండగా వెనక బ్రేకును తేలికగా నొక్కి పట్టండి. బండి ముందుకు లాగుతోంది, బ్రేకు వెనక్కి పట్టుకుంటోంది. ఈ రెండింటి మధ్య గొలుసులోని, గేర్లలోని వదులంతా బిగిసి, కుదుపు పోతుంది. మొదటిసారి ఇది కుదిరినప్పుడు బండి ఒక తాడు మీద గుంజి కట్టినట్టు గట్టిగా నిలబడుతుంది. ఆ అనుభూతి కోసమే ఈ కష్టమంతా.

4. కుడి చెయ్యి నాలుగు వేళ్లూ త్రాటిల్ మీదే ఉంచండి. నెమ్మది పనిలో ముందు బ్రేకు మీద వేలు పెట్టుకుని ఉంటే, కంగారులో అది నొక్కేస్తుంది.

5. చూపు 10, 15 మీటర్ల ముందు. ముందు చక్రం వైపు చూసినవాళ్లు దాని మీదకే పోతారు.

ఎంత నెమ్మదిగా వెళ్లగలిగితే చాలు? జపాన్‌లో పెద్ద బైకు లైసెన్సు పరీక్షలో 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సన్నటి దిమ్మె మీద 10 సెకన్లకు తగ్గకుండా వెళ్లాలి. అంటే గంటకు 5.4 కిలోమీటర్లు, మనిషి చురుకుగా నడిచే వేగం. దిమ్మె అక్కర్లేదు, నేల మీద సుద్దతో గీత గీసుకుని ఫోనులో సెకన్లు లెక్కపెట్టుకోండి. మొదటి రోజు 6 సెకన్లు రావడం మామూలే.

క్లచ్ కాలిపోదా అన్న భయం చాలామందికి ఉంటుంది. నూనెలో మునిగి ఉండే మల్టీ ప్లేట్ క్లచ్ అయితే ఇలా గంటలు గంటలు చేసినా తట్టుకుంటుంది. పొడి క్లచ్ ఉన్న బండ్లు వేరు. 2012 వరకు వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్, ఇప్పటి మోటో గుజ్జి వీ85 టీటీ ఈ కోవలోవి. వీటిని పది నిమిషాలకోసారి మామూలు వేగంలో నడిపి చల్లార్చండి, మాడు వాసన వస్తే ఆపేయండి. ఏ బండికైనా ఇంజన్ వేడిని చూసుకోవాలి, నడక వేగంలో రేడియేటర్‌కు గాలి తగలదు.

క్లచ్ లివర్ లేని బండ్లలో (క్లచ్‌ను తానే నడిపే హోండా డీసీటీ గేర్‌బాక్సు ఉన్నవి లాంటివి) ఎడమ చేతి పని మొత్తం కుడి కాలికి వస్తుంది. రేస్ కాస్త ఇచ్చి ఉంచి, వెనక బ్రేకుతో వేగం పట్టుకోవాలి. రేస్ పూర్తిగా మూస్తే క్లచ్ తనంతట తాను విడిపోయి, మలుపు మధ్యలో లాగుడు పోతుంది. ఇంకో సంగతి: కొన్ని బండ్లలో ముందు, వెనక బ్రేకులు కలిపి పనిచేస్తాయి. వెనక పెడల్ నొక్కితే ముందు చక్రం కూడా పడుతుందేమో పుస్తకంలో చూసి, ఖాళీ చోట మీరే తేల్చుకోండి.

పూర్తి హ్యాండిల్‌తో యూ-టర్న్

1,500 మిల్లీమీటర్ల చక్రాల దూరం ఉన్న బండి హ్యాండిల్‌ను 40 డిగ్రీలు తిప్పితే, ముందు చక్రం గీసే వృత్తం లెక్క ప్రకారం 4.7 మీటర్ల అడ్డం. ఒరిగిస్తే ఇంకా తగ్గుతుంది. బ్రిటన్ లైసెన్సు పరీక్ష మొదటి మాడ్యూల్‌లో యూ-టర్న్ గీతల మధ్య 7.5 మీటర్లు ఉంటుంది. మీ మొదటి లక్ష్యం అదే పెట్టుకోండి, తర్వాత 6.5, తర్వాత 6.

వేగం మీద కూడా ఒక అంచనా ఉండాలి. 2.5 మీటర్ల వ్యాసార్ధంలో 10 డిగ్రీల ఒరుగుకు 7.5 కిలోమీటర్ల వేగం సరిపోతుంది, 20 డిగ్రీలకు 11 కావాలి. భయపడి వేగం బాగా తగ్గించేవాళ్లు బండిని ఒరిగించలేరు, ఒరిగించలేకపోతే వృత్తం పెద్దదవుతుంది, చివరికి రోడ్డు అంచు దగ్గర ఆగి ముందు బ్రేకు పడతారు.

ఎడమకు తిప్పుతున్నారనుకోండి. రోడ్డు కుడి అంచుకు దగ్గరగా, నేరుగా, హాఫ్ క్లచ్, వెనక బ్రేకుతో 8, 9 కిలోమీటర్లలో రండి. తిప్పడానికి ముందే తల తిప్పండి. కళ్లు ఒక్కటే తిప్పితే చాలదు, గడ్డం ఎడమ భుజం మీదకి రావాలి, మీరు చివరికి ఎటు పోవాలో ఆ దూరపు చోటు కనిపించాలి. బండిని ఎడమకు ఒరగనివ్వండి, మీ శరీరం మాత్రం నిటారుగానే ఉండాలి. బరువు కుడి ఫుట్‌రెస్ట్ మీద పడాలి, సీటులో పిరుదు కాస్త కుడికి జరగాలి. ఎడమ చెయ్యి వెనక్కి ముడుచుకుంటుంది, కుడి చెయ్యి చాపుకుంటుంది. కుడి మోచెయ్యి బిగుసుకుంటే తెలియకుండానే త్రాటిల్ తిరుగుతుంది కాబట్టి దాన్ని వదులుగా ఉంచండి. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఆగే చోటుకు వచ్చాక ఇక దాన్ని కదపకండి. బండి మరీ పడుతుంటే క్లచ్ ఒక పిసరు వదలండి, లేస్తుంది. మరీ లేస్తుంటే వెనక బ్రేకు ఒక పిసరు నొక్కండి. బండి మీరు బయల్దేరిన దిక్కుకు ఎదురుగా తిరిగాక హ్యాండిల్ సరిచేసి రేస్ ఇవ్వండి.

మధ్యలో భయం వేసినప్పుడు చెయ్యి సహజంగా చేసే పని క్లచ్ మొత్తం నొక్కేయడం. అప్పుడు బండిని నిలబెడుతున్న ఒక్క బలం కూడా పోతుంది. ఇంజన్ ఆగిపోతే జరిగేదీ ఇదే, కాకపోతే ఇంకాస్త కుదుపుతో. అందుకే ఈ అభ్యాసానికి ఐడిల్ మీద బతిమాలుకుంటూ వెళ్లే రేస్ పనికిరాదు, ఇంజన్ కాస్త అరుస్తూనే ఉండాలి.

ముందు బ్రేకు ఎందుకు పడేస్తుంది? హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు ముందు టైరు నేలను తాకే చోటు బండి మధ్య గీతకు పక్కకు జరిగి ఉంటుంది. బ్రేకు పట్టగానే ముందు ఫోర్కు దిగుతుంది, బరువంతా ఆ మూల మీదకి దూసుకొస్తుంది, చక్రం ఆగిపోవడంతో ఇక సరిదిద్దే దారీ ఉండదు. కాలు పెట్టేలోగా 20 డిగ్రీలు దాటిపోతుంది. పైన లెక్కలో 56 కిలోలని చూశాం కదా.

ఆపడం

ముందు బ్రేకుతో వేగం తగ్గించి, చివరి రెండు మీటర్లు వెనక బ్రేకుతోనే ఆపండి. హ్యాండిల్ నేరుగా అయ్యాకే పూర్తిగా ఆగాలి. ఆగడానికి ముందు కళ్లు నేలను ఒకసారి చూసుకోవాలి: కంకర ఉందా, డీజిల్ మరక ఉందా, కాలు పెట్టే చోట పల్లం ఉందా. తర్వాత చూపు మళ్లీ పైకి. ఎడమ కాలు దించండి, కుడి కాలు బ్రేకు మీదే. అయితే రోడ్డు ఎడమకు వాలి ఉంటే ఆ కాలు అందదు, కాబట్టి ఎత్తుగా ఉన్న వైపు కాలునే దించాలి, అది కుడి అయినా సరే. అప్పుడు మాత్రం ముందు బ్రేకుతో పట్టుకోక తప్పదు, అందుకే హ్యాండిల్ నేరుగా ఉండడం ఇంకా ముఖ్యం.

వెనక మనిషి ఉంటే, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మీరు చెప్పాకే కదలాలని ముందే మాట అనుకోండి. మీ రెండు కాళ్లూ నేల మీద, ముందు బ్రేకు గట్టిగా, స్టాండ్ తీసి ఉన్నాకే వాళ్లు కాలు ఎత్తాలి.

ఏటవాలు

ఎత్తుకు ఎక్కుతూ యూ-టర్న్ తీసుకుంటే, బండి అడ్డంగా వచ్చినప్పుడు మలుపు లోపలి వైపు పల్లం ఉంటుంది. అక్కడ కాలు పెట్టబోతే నేల అందదు. దిగుతూ తిప్పితే లోపలి వైపు ఎత్తు ఉంటుంది, కాలు వెంటనే అందుతుంది, కాకపోతే రెండో సగంలో ఎక్కడానికి రేస్ ఎక్కువ కావాలి. వీలైతే దిగుతూ తిప్పే చోటే ఎంచుకోండి. ఎక్కుతూ తిప్పక తప్పకపోతే ముక్కలు ముక్కలుగా తిప్పండి.

ఎక్కుతూ మధ్యలో ఇంజన్ ఆగిపోతే, ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. బరువు వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి కంకర మీద ముందు చక్రం ఆగినా జారిపోతుంది. మొదటి గేరులోనే ఉంచి క్లచ్ వదిలేయండి. ఇంజనే వెనక చక్రాన్ని పట్టుకుంటుంది. తర్వాత రెండు కాళ్లూ నేల మీద ఉంచి, క్లచ్ పిసరంత నొక్కుతూ వదులుతూ వెనక్కి జారండి. మీ క్లచ్ ఇప్పుడు వెనక బ్రేకు పని చేస్తోంది. హ్యాండిల్ తిప్పి వెనక్కి జారుతూ, బండిని ఎప్పుడూ ఎత్తు వైపుకే కాస్త ఒరిగించి, అడ్డంగా తెచ్చుకోండి. డీసీటీ బండిలో ఇంజన్ ఆగితే గేరు పట్టదు, దానికి పార్కింగ్ బ్రేకే దిక్కు.

వాలులో నిలిపేటప్పుడు ముక్కు ఎత్తు వైపు ఉంచి, మొదటి గేరులో వదిలేయండి. ముక్కు పల్లం వైపు ఉంటే బండి ముందుకు కదిలి సైడ్ స్టాండ్ మడుచుకుపోతుంది. మెత్తటి నేల మీద, ఎండకు కరిగిన తారు మీద స్టాండ్ కింద చదునైన రాయో పలకో పెట్టండి.

ఇక ఆపలేమని తెలిసినప్పుడు

బండి 15, 20 డిగ్రీలు దాటి పోతోందంటే పట్టుకోవడానికి పోరాడకండి. నడుము, మోకాలు, భుజం అక్కడే పోతాయి. హ్యాండిల్ పట్టుకుని వీలైనంత నెమ్మదిగా దించుతూ, కాలు పెట్టె కిందికి, ఫుట్‌రెస్ట్ కిందికి పోకుండా బయటకు లాగేసుకోండి. క్రాష్ గార్డులు ఉన్నది ఇందుకే. లివర్ క్లాంపు బోల్టులను చేత్తో బలంగా తోస్తే తిరిగేంత బిగుతులోనే ఉంచితే, పడినప్పుడు లివర్ విరగకుండా తిరుగుతుంది.

లేపే పద్ధతి:

కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే మీట), తాళం ఆపండి. పెట్రోలు కారుతుంటే లేపడానికి తొందరపడాలి, లేకపోతే రెండు నిమిషాలు ఊపిరి తీసుకోండి. పక్క పెట్టెలు ఊడదీయగలిగితే తీయండి. నేల వాలుగా ఉంటే బండిని నేల మీదే తిప్పి, చక్రాలు పల్లం వైపు వచ్చేలా చేయండి. బండి గేరులో ఉందో లేదో చూడండి, లేకపోతే లేపగానే దొర్లిపోతుంది. కుడి వైపు పడితే సైడ్ స్టాండ్ ముందే బయటకు లాగి ఉంచండి, ఎడమ వైపు పడితే లేచాక కాలితో వేయాలి.

హ్యాండిల్‌ను నేల వైపుకు పూర్తిగా తిప్పండి. బండికి వీపు పెట్టి, పిరుదులను సీటు అంచుకు ఆనించండి. ఒక చెయ్యి కింది హ్యాండిల్ గ్రిప్పు మీద, రెండోది వెనక గ్రాబ్ రైలు (వెనక మనిషి పట్టుకునే కడ్డీ) మీదో ఫ్రేము మీదో. చేతులు చాచి నిటారుగా, నడుము వంచకుండా, మోకాళ్ల బలంతో అరచెయ్యి వెడల్పు అడుగులు వెనక్కి వేస్తూ నెట్టండి. మొదటి మూడో వంతు చాలా బరువు, తర్వాత ప్రతి అడుగుకూ తేలికవుతుంది. చివర్లో తేలికైపోయి అవతలి వైపు పడెయ్యడం చాలామంది చేసే తప్పు, కాబట్టి నిటారుకు దగ్గరయ్యేసరికి వేగం తగ్గించండి.

లేపాక వెంటనే సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాకపోవచ్చు. ఒరుగు సెన్సార్ ఇంజన్‌ను ఆపేసి ఉంటుంది. తాళం ఒకసారి ఆపి మళ్లీ వేయండి. బయల్దేరే ముందు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, రెండు బ్రేకులూ పట్టి చూడండి, ఇంజన్ కింద నూనె చుక్కలు ఉన్నాయేమో వంగి చూడండి. చేతులు వణుకుతుంటే ఆ యూ-టర్న్ అప్పుడే మళ్లీ ప్రయత్నించకుండా, దిగి తోసుకుంటూ తిప్పేయండి.